గడప వెలుపల నిలిచి గెలిచిన వైద్యురాలు అన్నా కుగ్లర్

ఏలూరు: గుంటూరు మిషన్ ఆసుపత్రి చెంత ఒకప్పుడు వెలసిన సత్రానికి ధనమిచ్చినవారు ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు. ఆయన కవి, సాహిత్య పోషకులు. మంజువాణి పత్రికతో ఏలూరు పేరును ఆంధ్రదేశానికి వినిపించినవారు. అటువంటి హైందవ ప్రభువు ఒక క్రైస్తవ వైద్యశాలకు వచ్చే రోగుల బంధువుల కోసం సత్రం కట్టించడం ఆ రోజులలో సామాన్య విషయం కాదు. తన ధర్మపత్నికి అక్కడ అందిన వైద్యానికి ఆయన చెల్లించుకున్న కృతజ్ఞత అది. ఆ కృతజ్ఞతకు పాత్రురాలైన వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. అమెరికాలో పుట్టి, 27వ ఏట గుంటూరు చేరి, ఈ నేలపైనే కన్నుమూసిన ఆమె జీవితంలో విశ్వాసం కంటె వేరుగా ధైర్యం కనిపించదు. ఆ ధైర్యం సాహసకార్యాలది కాదు, ఓర్పుది.

పెన్సిల్వేనియాలో పుట్టుక

కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టా పుచ్చుకున్నారు. స్త్రీలకు వైద్యవిద్య నేర్పడానికే 1850లో ఏర్పడిన ఆ కళాశాలకు భారతదేశంతో గాఢమైన అనుబంధం ఉంది. 1870లో బరేలీకి వచ్చి స్త్రీలకు వైద్యం మొదలుపెట్టిన క్లారా స్వైన్ అక్కడి విద్యార్థినియే. 1886లో వైద్య పట్టా పొందిన మహారాష్ట్ర మహిళ ఆనందీబాయి జోషీ చదివినదీ అక్కడే.

పట్టా పొందిన పిదప కుగ్లర్ నోరిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేశారు. మంచి ఉద్యోగం, స్వదేశంలో గౌరవం ఆమెకు సమకూరాయి. 1882లో గుంటూరు నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఆ జీవితాన్ని మలుపు తిప్పింది. గుంటూరు లూథరన్ మిషన్‌లో పనిచేస్తున్న ఆడమ్ రో రాసిన లేఖ అది. ఇక్కడి స్త్రీలకు ఒక మహిళా వైద్యురాలు ఎంత అవసరమో ఆయన అందులో వివరించారు. 1842లో ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన నాటి నుంచి గుంటూరులో లూథరన్ మిషన్ పాఠశాలలు, ప్రార్థనా మందిరాలు నడుపుతున్నా, స్త్రీల కోసం వైద్యురాలు మాత్రం లేరు.

వైద్యురాలు కావాలి, వైద్యం వద్దు

కుగ్లర్ సిద్ధపడినా ఆమెను పంపవలసిన సంస్థ సిద్ధంగా లేదు. అమెరికాలోని లూథరన్ మహిళా మిషనరీ సంఘం అప్పటికి వైద్యసేవ ప్రారంభించే స్థితిలో లేదు. ఇళ్లలోని స్త్రీలకు బోధించే ఉపాధ్యాయినిగా వెళ్లడానికి మాత్రమే అనుమతించింది. నాలుగేళ్ల కిందటే వైద్య పట్టా అందుకున్న ఆమె ఈ షరతుకు అలగలేదు, వెనుదీయలేదు. కొన్ని మందులు, పరికరాలు వెంట పెట్టుకొని 1883 ఆగస్టులో ఓడ ఎక్కి, నవంబరు 29న గుంటూరు చేరారు.

పగలు బాలికల పాఠశాలల పర్యవేక్షణ, ఘోషా స్త్రీల ఇళ్లలో బోధన, వాటితోపాటు తెలుగు నేర్చుకోవడం ఆమె విధులు. వైద్యం విధి కాదు. అయినా డాక్టరమ్మ వచ్చిందన్న మాట ఊరంతా పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. తన నివాసానికి వచ్చినవారికి, తానే ఇళ్లకు వెళ్లి చూసినవారికి కలిపి మొదటి ఏడాదిలోనే నాలుగు వందలకు పైబడి రోగులకు ఆమె చికిత్స చేశారు. రెండేళ్లు గడిచాక, 1885 డిసెంబరులో, సంఘం ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది. అనుమతి వచ్చే వరకు పని ఆపి ఉంటే ఆ రెండేళ్లలో ఎందరు తల్లులు ప్రాణాలు విడిచేవారో చెప్పలేము.

స్నానం చేస్తే పోయే మైల

ఆనాటి స్త్రీల స్థితి తెలిస్తే గాని కుగ్లర్ ఎదుర్కొన్న పరీక్ష అర్థం కాదు. పరపురుషుని కంట పడరాదన్న కట్టుబాటు వల్ల మగ వైద్యుడు పట్టణంలో ఉన్నా ఉన్నత కుటుంబాల స్త్రీలకు లేనట్టే. కాన్పు అంతా మంత్రసాని చేతిలోనే జరిగేది. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లికి జ్వరం తగిలినా దేవుడిపై భారం వేయడమే మిగిలేది.

అటువంటి ఇళ్లకు పిలుపు అందుకొని వెళ్లిన కుగ్లర్‌ను గడప దాటనిచ్చినా, మనసు గడప దాటనివ్వలేదు. ఆమె అన్యదేశీయురాలు, అన్యమతస్థురాలు. ఆమె తాకితే మైల. ఆమె వెళ్లిపోయాక స్నానాలు, గుడ్డలు తడపడాలు జరిగేవి. ప్రాణం నిలపడానికి వచ్చిన చేతిని అపవిత్రమని కడిగేసుకోవడం కంటె వైద్యునికి పెద్ద అవమానం ఉండదు. మాదిగ, మాల పల్లెల క్రైస్తవులు తరతరాలుగా నిత్యం అనుభవించిన అంటరానితనమే అది. ఆమెకు ఎదురైనది దాని నీడ మాత్రమే. వారు కావాలన్నా దాని నుంచి తప్పుకోలేరు. ఆమె ఏ రోజైనా ఓడ ఎక్కి తప్పుకోగలిగి ఉండీ తప్పుకోలేదు. ఆమె నిష్ఠ అక్కడే తెలుస్తుంది.

ఇటుక ఇటుకగా ఆసుపత్రి

1886లో డిస్పెన్సరీలు తెరిచారు. 1889లో స్వదేశానికి వెళ్లినప్పుడు ఆమె విశ్రాంతి కోరలేదు. లూథరన్ సంఘాలకు గుంటూరు స్త్రీల అవస్థ వివరించి ఆసుపత్రికి ధనం కూడబెట్టారు. 1891లో తిరిగి వచ్చాక స్థలం సమకూర్చి, 1893లో కొత్త డిస్పెన్సరీని, 1898 జూన్ 23న స్త్రీలకు, పిల్లలకు పూర్తిస్థాయి ఆసుపత్రిని ప్రారంభించారు. ఓడ దిగిన నాటికీ ఆసుపత్రి తలుపులు తెరిచిన నాటికీ నడుమ సుమారు 15 సంవత్సరాలు గడిచాయి.

ఈలోగా ఆమెకు తోడు దొరికింది. 1894లో నర్సు కేథరీన్ ఫాస్, మరుసటి ఏడు డాక్టర్ మేరీ బేర్ వచ్చి చేరారు. మేరీ బేర్ అనంతరం చీరాలలో ఆసుపత్రి నెలకొల్పారు. గుంటూరు ఆసుపత్రిలో తెలుగు యువతులకు నర్సు శిక్షణ ఇచ్చారు. ఆడపిల్ల గడప దాటి ఉద్యోగం చేయడం తప్పుగా తోచిన కాలంలో, నిరుపేద కుటుంబాల నుంచి వచ్చిన క్రైస్తవ యువతులు తెల్లని దుస్తులు ధరించి రాత్రివేళ రోగుల మంచాల పక్కన నిలబడ్డారు. అగ్రవర్ణ గృహిణులు వారి చేతి మందు తాగారు. కుగ్లర్ పేరు చరిత్రకెక్కినా ఆమె నిర్మించిన ఆసుపత్రికి ఊపిరి ఈ అజ్ఞాత యువతులే.

ఏలూరు నుంచి వచ్చిన కృతజ్ఞత

1893 ప్రాంతంలో బెజవాడ వద్ద కృష్ణపై రైలు వంతెన ఏర్పడక ముందు ఏలూరు వారు గుంటూరు వెళ్లాలంటే కాలువలో పడవ, నది దాటడం, ఆపై బండి ప్రయాణం తప్పేవి కావు. రైలు వచ్చాక దూరం తగ్గింది, ఆసుపత్రి ఖ్యాతి గోదావరి మండలానికి పాకింది. ఏలూరు జమీందారు కుటుంబం కుగ్లర్ వైద్యాన్ని ఆశ్రయించడం ఆ తరువాతి కథ.

భుజంగరావు కట్టించిన సత్రాన్ని కేవలం దానంగా చూస్తే దాని అర్థం సగమే తెలుస్తుంది. రోగి వెంట వచ్చిన బంధువులు తమ ఆచారం తప్పకుండా బస చేయడానికి చోటు లేకపోతే, ఎంత మంచి వైద్యురాలున్నా ఎన్నో కుటుంబాలు ఆసుపత్రి గుమ్మం తొక్కేవి కావు. సత్రం ఆ అడ్డు తొలగించింది. కులం కట్టుబాటు దానితో కూలిపోలేదు. అది ఉండగానే స్త్రీ ప్రాణం దక్కే దారి ఏర్పడింది. కుగ్లర్ తన విశ్వాసాన్ని దాచలేదు, జమీందారు తన మతాన్ని వీడలేదు. రోగి మంచం వద్ద ఇద్దరికీ పని ఒకటే అయింది.

తుది శ్వాస వరకు

బ్రిటిష్ ప్రభుత్వం 1905లో కుగ్లర్‌కు కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది, 1917లో మరోసారి ఆ గౌరవం అందించింది. గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రను ఆమె స్వయంగా గ్రంథస్థం చేశారు. ఆ పుస్తకం 1928లో వెలువడింది. అంతకు ముందు ఏడాదే, 1927లో, గుంటూరు, రాజమండ్రి మిషన్లు కలిసి ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘంగా రూపొందాయి. చివరి సంవత్సరాలలో ఆరోగ్యం క్షీణించినా ఆమె గుంటూరును విడవలేదు. 1930 జూలై 26న, 74వ ఏట, తాను కట్టిన ఆసుపత్రిలోనే కన్నుమూశారు. అప్పటికి ఆమె గుంటూరు చేరి 47వ ఏడు నడుస్తోంది. ఆ ఆసుపత్రి తరువాత ఆమె పేరుతోనే కుగ్లర్ ఆసుపత్రిగా ప్రసిద్ధి చెందింది.

ఈ ప్రాంతంలో అదే బాట

కుగ్లర్ వేసిన బాట గుంటూరుతో ఆగలేదు. 1899లో రాజమండ్రికి వచ్చిన డాక్టర్ లిడియా వోర్నర్ శ్రమతో గోదావరి ఒడ్డున మరొక లూథరన్ స్త్రీల ఆసుపత్రి 1911లో నిలిచింది. తాడేపల్లిగూడెం, భీమవరం పరిసరాల పల్లెలకు అది చేరువ. కొల్లేటి అంచున ఆకివీడులో కెనడా బాప్టిస్టు మిషన్‌కు చెందిన డాక్టర్ పెర్ల్ స్మిత్ చూట్ స్టార్ ఆఫ్ హోప్ ఆసుపత్రిని నెలకొల్పారు. వేర్వేరు దేశాలు, వేర్వేరు సంఘాలు అయినా ఆ స్త్రీలు ఎదుర్కొన్న గడపలు మాత్రం ఒక్కటే.

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల క్రైస్తవ కుటుంబాలలో నర్సు వృత్తి తరతరాలుగా గౌరవప్రదమైన జీవనాధారంగా నిలిచింది. రాత్రి డ్యూటీకి బయలుదేరే ఆడబిడ్డను ఈనాడు ఏ ఇల్లూ వింతగా చూడదు. ఆమె తాకిన మంచాన్ని ఎవరూ కడగరు. ఆ మార్పుకు ఒక్కరే కారణం కాకపోయినా, తనను మైలగా చూసిన ఇంటికి మరునాడు మళ్లీ వెళ్లి నాడి పట్టుకున్న అన్నా కుగ్లర్ వంటి స్త్రీలు దానికి పునాది వేశారు.