మైదానంలోని ఉపాధ్యాయుడు

హైదరాబాదు పేరు వినగానే చార్మినారు, గోలకొండ, ఉస్మానియా విశ్వవిద్యాలయం మనసులో మెదులుతాయి. ఒకప్పుడు ఆ వరుసలో నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు కూడా స్థానముండేది. దానికి దేశవ్యాప్తమైన కీర్తిని ఆర్జించిపెట్టిన మహనీయుడు పోలీసు అధికారి కాదు, ఒక బడి పంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, నగరంలోని పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. తుదిశ్వాస విడిచే వరకు ఆ బాధ్యతను వహించారు.

1950లో నగర పోలీసు జట్టు శిక్షణ భారం ఆయన భుజస్కంధాలపై పడింది. ఆ రోజులలో ఫుట్‌బాల్ అంటే బెంగాలు సొత్తు అన్న భావన దేశమంతటా పాతుకుపోయి ఉండేది. పోలీసు జట్టులోని వారు శాఖలో చిన్న ఉద్యోగాలు చేసుకునే సామాన్యులు. వారిలో అనేకులకు బూట్లు తొడిగి ఆడే అలవాటే లేదు. ఇక ధనబలమంటారా, అది కలకత్తా సంఘాలదే. రహీం వద్ద ఉన్నది బోధనా నైపుణ్యమొక్కటే.

ఆ నైపుణ్యాన్ని ఆయన ప్రయోగించిన తీరు గమనింపదగినది. సాధారణంగా ఆటగానికి ఒక కాలు వశమై ఉంటుంది, రెండవది మొండికేస్తుంది. ఆ మొండికాలితోనే ఆడాలన్న నియమంతో ఆయన పోటీలు పెట్టేవారు. బంతిని తన వద్దే ఉంచుకొని ఒంటరిగా విన్యాసాలు చేయకూడదన్న పోటీలు మరికొన్ని. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివానికి అందించడం అలా అలవడింది. వేగం, పరస్పర విశ్వాసం ఆ జట్టుకు ఆయుధాలయ్యాయి. అక్షరాలు దిద్దించిన చేతికి ఇది కొత్త విద్య కాదు.

ఫలితం వెంటనే కనబడింది. 1950లో ఢిల్లీలోని డ్యూరాండ్ కప్పు తుది పోరులో మోహన్ బగాన్‌ను ఓడించి నగర పోలీసులు విజేతలయ్యారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలుచుకున్నారు. రాష్ట్రావతరణానంతరం ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మారినా ప్రాభవం తగ్గలేదు. 1961లో డ్యూరాండ్ కప్పు మళ్లీ వారిదే అయింది.

ప్రతిభ కనబడితే చాలు, అది ఏ జట్టుదన్న విచారణ రహీంకు లేదు. సికింద్రాబాదు శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేద యువకుని ఆటను చూసి శిక్షణకు రమ్మన్నారు. రాకపోకలకు డబ్బులేదని గ్రహించి, సైకిలు అద్దె తామే ఇచ్చారు. ఆ యువకుడు మెల్‌బోర్న్ ఒలింపిక్సులో దేశం తరఫున ఆడాడు.

రహీం భారత జట్టుకు కూడా గురువయ్యారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం లభించింది. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో పది గోల్సు తిని ఇంటికి రావలసి వచ్చింది. ఆ పరాభవానికి ఆయన కుంగిపోలేదు. నాలుగేళ్లకే, 1956లో, మెల్‌బోర్న్‌లో జట్టును నాలుగవ స్థానంలో నిలబెట్టారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. పైగా భారతీయుల పట్ల ప్రేక్షకులు ఆగ్రహంతో ఉన్నారు. రక్షణశ్రేణి యోధుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన కూర్చోబెట్టలేదు, ముందు వరుసకు పంపారు. సెప్టెంబరు 4న, లక్షమంది ఎదుట, అదే కొరియాపై 2-1తో భారతదేశం గెలిచింది. ఒక గోలు పి.కె.బెనర్జీది, రెండవది జర్నైల్ సింగ్‌ది.

ఆ విజయానికి ఏడాదైనా నిండకముందే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల కాన్సరు రహీంను బలిగొన్నది. పోలీసు జట్టు ప్రభ క్రమంగా మసకబారింది. జకార్తా స్వర్ణం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మరొక స్వర్ణం రాలేదు.