అగాధ సముద్ర యాత్రికుడు – అగస్ట్ పికార్డ్

2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్ల గ్రామ పొలాల్లో ఆకాశం నుంచి ఒక విచిత్రమైన పేటిక దిగింది. చుట్టుపక్కల ఊళ్ళ ప్రజలు తండోపతండాలుగా తరలివచ్చారు. సికింద్రాబాదు దాటి ఈ.సి.ఐ.ఎల్. వైపు వెళితే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడ ఒక పెద్ద బెలూనుకు కట్టి పైకి పంపిన గది అదని, మున్ముందు మనుషులను స్ట్రాటోస్ఫియరు దాకా తీసుకుపోవాలన్న ప్రయత్నంలో భాగమని తరువాత అందరికీ తెలిసింది. అటువంటి మూసిన గదిలో కూర్చొని మొట్టమొదట స్ట్రాటోస్ఫియరును చూసి వచ్చిన శాస్త్రజ్ఞుడు అగస్ట్ పికార్డ్. అయితే ఆయన మనస్సులో తొలుత నాటుకొన్నది ఆకాశం కాదు, సముద్రపు అడుగు.

పికార్డ్ 1884 జనవరి 28న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయనశాస్త్ర ఆచార్యుడు. జీన్ అనే సోదరుడు ఆయనకు కవల. వారి దేశానికి ఏ వైపునా సముద్రం లేదు. జ్యూరిచ్‌లో ఇంజనీరింగు విద్యలో అడుగుపెట్టిన తొలి సంవత్సరంలో, ఇంచుమించు మీ వయస్సులోనే, ఆయన ఒక పుస్తకం చదివారు. వాల్డివియా అనే జర్మను ఓడలో 1898–99లో జరిగిన సముద్ర యాత్రను గురించి కార్ల్ కున్ అనే జంతుశాస్త్రవేత్త వ్రాసిన గ్రంథమది. ఆ ఓడవారు వేల మీటర్ల లోతుకు వలలు దించి వింత జీవులను పైకి లాగేవారు. కాని చీకటిలో, చలిలో, అపారమైన పీడనంలో బ్రతికే ఆ ప్రాణులు ఉపరితలానికి చేరేసరికి చాలామటుకు చచ్చి, రూపు చెడి ఉండేవి. వలతో తెచ్చి చూడడం కాక, మనిషే అక్కడికి దిగి చూడకూడదా అన్న ప్రశ్న ఆ యువకునిలో పుట్టింది.

ఇంద్రుని వజ్రాయుధానికి వెరచి సముద్రంలో దాగిన మైనాకుని కథ మనకు క్రొత్తది కాదు. హనుమంతునికి విశ్రాంతి నివ్వడానికి నీటిని చీల్చుకొని లేచిన పర్వతమది. సముద్రగర్భంలో పర్వతాలు ఉన్నాయన్నది కవికల్పన మాత్రమే కాదు. అరేబియా సముద్రంలో మునిగి ఉన్న ఒక పర్వతానికి సి.వి.రామన్ పేరు పెట్టారు. విశాఖపట్నం ప్రాంతపు తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహాదేవన్ అనే పేర్లున్నాయి. వీరిలో మహాదేవన్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. ఈ కొండకోనల ఆకృతిని ఓడ మీద నుండే ధ్వనితరంగాల సాయంతో గుర్తించవచ్చు. అక్కడి ప్రాణి తన చోట తాను ఎలా మెలగుతుందో తెలియాలంటే మాత్రం కన్ను అక్కడికి పోవలసిందే.

పికార్డ్ భౌతికశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకొని, 1922లో బ్రస్సెల్స్‌లో ఆచార్యులయ్యారు. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ కూర్చొని ఉన్న 1927 నాటి సాల్వే సదస్సు ఛాయాచిత్రాన్ని మీలో చాలామంది చూసి ఉంటారు. అందులో వెనుక వరుసలో ఎడమ చివర నిలబడిన పొడవాటి మనిషి ఈయనే. విశ్వకిరణాల పరిశోధనకై చాలా ఎత్తుకు పోవలసి రాగా, గాలి చొరని అల్యూమినియం గోళాన్ని చేయించి హైడ్రోజన్ బెలూనుకు వ్రేలాడదీశారు. 1931 మే 27న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నుండి పాల్ కిప్ఫర్ అనే సహాయకునితో బయలుదేరి 15,781 మీటర్ల ఎత్తుకు చేరారు.

ఆ ప్రయాణం సుఖంగా సాగలేదు. గోళానికి పడిన రంధ్రం నుండి గాలి బయటికి పోసాగితే వాజిలైను, నార కలిపి కూరి ఆపవలసి వచ్చింది. అంతకన్న పెద్ద ఆపద మరొకటి. బెలూనులోని వాయువును వదిలి క్రిందికి దిగడానికి ఉపకరించే త్రాడు చిక్కుపడిపోయింది. ఇక దిగే ఉపాయం వారి చేతిలో లేదు. ఎండకు గోళం కాగిపోయింది. గోడలకు పట్టిన తేమతో నాలుక తడుపుకొంటూ గడిపారు. ప్రొద్దు వాలి చల్లబడి హైడ్రోజన్ కుంచించుకొన్న తరువాతనే బెలూను దిగివచ్చి, ఆస్ట్రియాలోని ఒక హిమానీనదం మీద వాలింది. మరుసటి ఏడు ఆయన మళ్ళీ ఎగిరి 16,201 మీటర్లకు చేరారు. ధైర్యమనాలో మొండితనమనాలో నాకు తెలియదు.

ఇంతలో 1934లో అమెరికాకు చెందిన విలియం బీబ్, ఓటిస్ బార్టన్ ఒక ఉక్కు గోళంలో బెర్ముడా దగ్గర 923 మీటర్ల లోతుకు దిగారు. మిణుకుమిణుకుమనే చేపలను కళ్ళారా చూశారు. ఆ గోళం ఓడ నుండి ఉక్కు తాడుతో వ్రేలాడేది. తాడు తెగితే లోపలివారు తిరిగి రారు. లోతు పెరిగేకొద్దీ తాడు బరువే తాడుకు భారమవుతుంది.

పికార్డ్ త్రాడునే తీసివేశారు. హైడ్రోజన్ గాలికన్న తేలిక కాబట్టి బెలూను లేస్తుంది. పెట్రోలు నీటికన్న తేలిక; ఒక పెద్ద తొట్టి నిండా పెట్రోలు పోసి, దాని క్రింద ఉక్కు గోళం బిగిస్తే అది నీటిలో బెలూను అవుతుంది. మునగడానికి ఇనుప గుళ్ళ బరువు, లేవడానికి ఆ గుళ్ళను వదలడం, అంతే. తొట్టి అడుగున తెరచి ఉండడంతో సముద్రపు నీరు లోపలికి వచ్చి లోపలి పీడనాన్ని, వెలుపలి పీడనాన్ని సమానం చేస్తుంది. అందువల్ల పలుచని రేకు చాలు. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరిగే ఆ బలాన్ని ఎదుర్కోవలసినది మనుషులున్న గోళం ఒక్కటే.

అన్నిటికన్న నన్ను ఆకట్టుకొన్న ఏర్పాటు ఒకటి ఉంది. ఇనుప గుళ్ళను క్రిందికి జారకుండా పట్టి ఉంచేది విద్యుదయస్కాంతం. కరెంటు పోతే అయస్కాంతం పట్టు వదలుతుంది, గుళ్ళు రాలుతాయి, నౌక తనంతట తానే పైకి తేలుతుంది. ఆకాశంలో త్రాడు మొరాయించిన ఆ పగలు ఈయనకు గుర్తుండే ఉంటుందని నా ఊహ.

గ్రీకు మాటలు కలిపి ఆయన దీనికి బాతిస్కాఫ్ అని, అనగా లోతునౌక అని పేరు పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధం ఆ పనిని కొన్నేళ్ళు ఆపివేసింది. 1948లో కేప్ వెర్డ్ దీవుల దగ్గర తొలి నౌక మనుషులు లేకుండా 1,380 మీటర్లు దిగి తిరిగి వచ్చింది గాని, అలల తాకిడికి దాని పెట్రోలు తొట్టి దెబ్బతిన్నది. చాలామంది దాన్ని విఫలయత్నంగానే లెక్కించారు. అప్పటికి ఆయనకు 64 ఏళ్ళు. నౌక ఫ్రెంచి నౌకాదళం చేతికి పోయింది.

ఇటలీలోని ట్రియెస్ట్ నగరం ఆయనను ఆదరించింది. కుమారుడు జాక్ తోడు నిలిచాడు. అర్థశాస్త్రం చదివిన ఆ యువకుడు తండ్రి పనినే తన పనిగా చేసుకొన్నాడు. నగరం పేరే పెట్టుకొన్న ఆ క్రొత్త నౌకలో 1953 సెప్టెంబరు 30న తండ్రీకొడుకులు ఇద్దరూ మధ్యధరా సముద్రంలో 3,150 మీటర్ల లోతు చేరారు. తండ్రికి అప్పుడు 69 ఏళ్ళు.

1958లో అమెరికా నౌకాదళం ట్రియెస్ట్‌ను కొన్నది. మరింత లోతుకు తగినట్లు జర్మనీలో చేయించిన దళసరి గోళాన్ని దానికి బిగించారు. 1960 జనవరి 23న జాక్, నౌకాదళ అధికారి డాన్ వాల్ష్ పసిఫిక్ మహాసముద్రంలోని ఛాలెంజర్ అగాధంలోకి దిగారు. దారిలో పెద్ద చప్పుడుతో నౌక అదిరింది. ప్రవేశమార్గపు కిటికీ పలక బీటలు వారిందని తరువాత తెలిసింది. గోళం చెక్కుచెదరలేదు. ఇద్దరూ ముందుకే సాగి 10,916 మీటర్ల దగ్గర నేలను తాకారు. అక్కడ ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఒక టన్నుకు మించిన భారం. లేచిన బురద మబ్బులో ఫొటోలు తీయలేకపోయారు. సుమారు ఇరవై నిమిషాలున్న తరువాత ఇనుప గుళ్ళు రాల్చి పైకి వచ్చారు.

చదునైన ఒక చేపను అక్కడ చూశానని జాక్ చెప్పాడు. జీవశాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. 2022లో జపాను సమీపంలో 8,336 మీటర్ల లోతున చిత్రీకరించిన చేపకన్న క్రింద మరే చేపా ఇంతవరకు కెమెరాకు చిక్కలేదు. జాక్ చూసినది సముద్ర దోసకాయ వంటి జీవి కావచ్చునని కొందరి అభిప్రాయం.

ఆ ప్రయాణంలో తండ్రి లేరు. మరి ఐదు రోజులకు ఆయనకు 76 ఏళ్ళు నిండాయి. 1962 మార్చి 24న లోజాన్ నగరంలో కన్నుమూశారు. ట్రియెస్ట్ నౌకను వాషింగ్టన్‌లోని నౌకాదళ ప్రదర్శనశాలలో భద్రపరచారు. ఓడంత పెట్రోలు తొట్టి, దాని పొట్ట క్రింద ఇద్దరు ఇరుకుగా కూర్చొనే చిన్న గోళం.