తార్సస్ థియోడోర్

తార్సస్ థియోడోర్ (602 - సెప్టెంబరు 19, 690) ఇంగ్లాండులోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా పనిచేసిన గ్రీకు పండితుడు. ఆంగ్లేయుల చర్చి అంతా విధేయత చూపిన తొలి ఆర్చిబిషప్పుగా ఈయన ప్రసిద్ధుడు. ఇంగ్లాండులో ఊరూరా కనిపించే పారిష్ చర్చిల వ్యవస్థకు ఈయనే ఆద్యుడని చాలాకాలం భావించేవారు.

'''తొలి జీవితం'''

థియోడోర్ నేటి టర్కీలోని తార్సస్ నగరంలో జన్మించాడు. గ్రీకు విద్యలో ఆరితేరి, తరువాత రోములో సన్యాసిగా జీవించాడు. 664లో కాంటర్‌బరీ పీఠం ఖాళీ అయింది. ఆ పదవికి ఎంపికైన విగార్డ్ రోముకు వచ్చి, అక్కడే అంటువ్యాధితో మరణించాడు. అప్పుడు ఆఫ్రికాకు చెందిన హేడ్రియన్ సూచన మేరకు, పోపు విటాలియన్ 668లో థియోడోర్‌ను ఆర్చిబిషప్పుగా అభిషేకించాడు. అప్పటికి ఈయన వయసు 66 సంవత్సరాలు. 669లో ఈయన కాంటర్‌బరీ చేరుకున్నాడు.

'''సంస్కరణలు'''

ఈయన వచ్చేనాటికి పలు బిషప్పు పీఠాలు ఖాళీగా ఉన్నాయి. ఈయన దేశమంతా పర్యటించి వాటిని భర్తీ చేసాడు. హెర్ట్‌ఫర్డ్ సభలో, ఒక బిషప్పు మరొకరి పరిధిలో జోక్యం చేసుకోరాదని నియమం ఏర్పరచాడు. 678లో విశాలమైన నార్తంబ్రియా పీఠాన్ని విభజించడంతో బిషప్పు విల్‌ఫ్రిడ్ రోముకు వెళ్ళి ఫిర్యాదు చేసాడు. 679లో మెర్సియా, నార్తంబ్రియా రాజ్యాల మధ్య సంధి కుదిర్చాడు. హేడ్రియన్‌తో కలిసి కాంటర్‌బరీ పాఠశాలలో గ్రీకు, లాటిను, ఖగోళశాస్త్రం బోధించాడు.

'''పారిష్ చర్చిలు - వాస్తవం'''

థియోడోర్ కాలంలో పారిష్‌కు మూలమైన లాటిను పదం బిషప్పు అధికార పరిధిని సూచించేది. ఆ పదాన్ని తరువాతివారు గ్రామ పారిష్‌గా అర్థం చేసుకోవడం ఈ అపోహకు తోడ్పడింది. నిజానికి ఆ రోజుల్లో మిన్‌స్టర్ అనే పెద్ద మఠాలలోని అర్చకులు విశాలమైన ప్రాంతాలకు సేవలందించేవారు. గ్రామ చర్చిలలో చాలావాటిని 10వ శతాబ్దం నుండి 12వ శతాబ్దం వరకు భూస్వాములు తమ ఎస్టేటులలో నిర్మించుకున్నారు. అవి వారి సొంత ఆస్తులు. వాటిని అమ్మేవారు, వారసులకు పంచేవారు. 1086 నాటి డోమ్స్‌డే సర్వేలో చర్చిలలో సగం, పావు వంతు వాటాలు కూడా నమోదయ్యాయి. 12వ శతాబ్దంలో చర్చి చట్టం ఈ యాజమాన్యాన్ని, అర్చకుని ప్రతిపాదించే హక్కుగా కుదించింది.

'''మరణం'''

థియోడోర్ 690లో తన 88వ ఏట మరణించాడు. ఈయనను కాంటర్‌బరీలోనే సమాధి చేసారు. గ్రామ చర్చిలను ఈయన స్థాపించకపోయినా, అవి తరువాత ఇమిడిన బిషప్పుల పాలనా వ్యవస్థకు గట్టి పునాది వేసినవారిలో ఈయన ముఖ్యుడు.