ఫిరదౌసిని తెలుగులోకి తెచ్చిన వినుకొండ పంతులు గారు

మన పల్నాడు జిల్లా వినుకొండలో 1895 సెప్టెంబరు 28న పుట్టారు గుర్రం జాషువా. తండ్రి యాదవ, తల్లి మాదిగ. చిన్నప్పుడే అంటరానితనం చేదు చూశారు. బడి పంతులై గుంటూరులో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. కవిగా పేరొచ్చాక కూడా, కులం తెలిసి మొహం తిప్పుకున్నవాళ్లున్నారు.

1932లో ‘ఫిరదౌసి’ రాశారు. షానామాకు బంగారు నాణేలిస్తానన్న గజనీ సుల్తాను చివరికి వెండి నాణేలు పంపాడని చెప్పుకునే కథ అది. కష్టానికి తగ్గ గౌరవం దక్కని కవి బాధ ఆయనకు తెలియనిది కాదు. ముంతాజ్ మహల్ మీదా కావ్యం అల్లారు. ‘గబ్బిలం’లో అంటరానితనాన్ని నిలదీశారు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న కన్నుమూశారు.

మన పిల్లలకు ఫిరదౌసి గురించి చెప్పేటప్పుడు, ఈ పంతులు గారి పేరు కూడా చెబుదాం.