గీసిందే మళ్లీ గీసి: దామెర్ల రామారావు గారి జీవితం

ప్రతి ఏడూ మన చంద్రపూర్, బల్లార్పూర్ పిల్లలు బడి నుంచి ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు పరీక్షలకు కూర్చుంటరు. చెంబును ఎదురుగా పెట్టి పదిసార్లు గీయమంటే విసుక్కుంటరు. కంప్యూటరు ఉండగా ఈ చేతినొప్పి ఎందుకని మమ్మల్నే అడుగుతరు. ఆ పిల్లల కోసం ఈసారి సంచికలో దామెర్ల రామారావు గారి సంగతి రాస్తున్నాం. ఆయన చేనేత ఇంట పుట్టినవారు కాదు. అయినా మన పనికి పనికొచ్చే మనిషి.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టినారు. మన ఇరై నది నీళ్లు వార్ధాలో కలిసి, ప్రాణహిత అయి, గోదావరిలో పడి ఆ ఊరి ముందు నుంచే సముద్రానికి పోతయి. అందుకని మరీ పరాయి ఊరు అనుకోవద్దు. చిన్నప్పటి నుంచే ఆయన చేతిలో పెన్సిలు ఉండేది. అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్. ఆయన కూడా బొమ్మలు వేసేవారే. ఈ పిల్లవాడి చెయ్యి చూసి దగ్గరికి తీసినారు. అడివి బాపిరాజు గారు కూడా ఆ దొర శిష్యులే.

1916లో ఆ దొర ప్రోత్సాహంతోనే రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పోయినారు. పార్సీ వ్యాపారి జంషెడ్జీ జీజీభాయ్ విరాళంతో 1857లో మొదలైన బడి అది. అప్పటి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఈయన తెచ్చిన బొమ్మల కట్ట చూసి నేరుగా మూడో ఏడులో చేర్చుకున్నారు. మన పిల్లలు ఈ ఒక్క ముక్కే పట్టుకుంటరేమోనని మా భయం. ఆయన రెండేండ్ల పని ఎగ్గొట్టలేదు. ఆ పని గోదావరి ఒడ్డున ముందే చేసి పెట్టుకున్నారు.

ఆ కాలపు బడిలో ముందు ఒట్టి గీతలే. స్కేలు లేకుండా నిలువు గీత, అడ్డ గీత, గుండ్రం. తర్వాత కుండ. కుండకు ఎడమ వంపు ఎట్లుందో కుడి వంపు అట్లనే రావాలె, రాకపోతే మళ్లీ గీయాలె. ఆ తర్వాత ప్లాస్టరు విగ్రహాలు పెట్టి వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అని నేర్పేవారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీసే క్లాసు 1919లో గ్లాడ్‌స్టన్ సాలమన్ దొర వచ్చినంక మొదలైంది. రామారావు గారికి ఆ చదువు కూడా అందింది.

మన ఇండ్లల్లో ఎట్లనో ఇదీ అట్లనే. పిల్లను మొదటి రోజే మగ్గం మీద కూర్చోబెడతమా? ముందు కండెలు చుట్టాలె, తెగిన పోగు అతకాలె. వెయ్యి పోగులు అతికినంక వేలికే తెలుస్తది. ఇంకొక సంగతి. ఒకసారి మా సొసైటీకి ఒకాయన కంప్యూటరులో మామిడి పిందె డిజైను వేసిచ్చిండు. పిందె మెడ దగ్గర వంపు తప్పింది. గ్రాఫు కాగితం మీద ఒక గడి తేడా అంతే, ఎవరం పట్టుకోలేదు. అట్టలు కొట్టించి జాకార్డు ఎక్కించినంక చూస్తే అంచు పొడుగునా వంకాయలు! కంప్యూటరు తప్పు ఏం లేదు. వంపు ఎక్కడ తిరగాలో వేసిన చేతికి తెలవదు, చూసిన మాకూ తెలవలేదు.

1920లో చదువు అయినంక రామారావు గారు బొంబాయిలో ఆగిపోలేదు. గుజరాత్, కాఠియవాడ్ తిరిగి అక్కడి మనుషులను గీసినారు. ఋష్యశృంగుని కథ మీద వేసిన చిత్రానికి కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆయన బొమ్మలు పోయినయి. ఇవన్నీ పుస్తకాలల్ల ఉన్నయి, మేము సాగదీయం.

మాకు నచ్చింది వేరే. సొంత ఊరికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టినారు. భార్య సత్యవాణి గారికి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారికి గీయడం నేర్పినారు. వందేండ్ల కింద, ఆడవాళ్లు గడప దాటుడే కష్టమైన రోజుల్లో, ఆ ఇద్దరూ పేరున్న చిత్రకారులైనారు. మన దగ్గర రంగులు కలిపేది, కండెలు చుట్టేది ఆడవాళ్లే, డిజైను దగ్గరికి వచ్చేసరికి మాత్రం మగవాళ్లనే పిలుస్తం.

1925 ఫిబ్రవరి 6న మశూచికంతో రామారావు గారు చనిపోయినారు. 28 ఏండ్లు కూడా నిండలేదు. చదువు అయినంక దొరికింది అయిదేండ్ల లోపే. అంత కొద్ది కాలంలోనే రంగుల చిత్రాలతో పాటు వందల పెన్సిలు బొమ్మలు వదిలిపోయినారు. ఆయన మిత్రులు వరదా వెంకటరత్నం గారు, తోటి శిష్యులు ఆ కళాశాలను పడిపోకుండ నడిపినారు. ఇప్పుడు ఆయన పేరుతో రాజమండ్రిలో ప్రభుత్వ చిత్రశాల ఉంది.

బల్లార్షా నుంచి విజయవాడ పోయే బండి ఎక్కి, అక్కడ మారితే రాజమండ్రి. గోదావరి స్నానానికి పోయినవాళ్లు పిల్లలను ఆ చిత్రశాలకు కూడా తీసుకపోండి. రంగుల బొమ్మల దగ్గర వాళ్లంతట వాళ్లే ఆగుతరు. పెన్సిలు బొమ్మలు ఎక్కడున్నయో మీరే అడిగి చూపించండి.