కాలిన్ మెకంజీ

కల్నల్ కాలిన్ మెకంజీ (1754 – 1821 మే 8) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్. దక్షిణ భారతంలోని గ్రామ చరిత్రలను, వంశావళులను, శాసనాలను సేకరింపజేసిన వ్యక్తిగా తెలుగువారికి సుపరిచితుడు. ఈ సేకరణలోని స్థానిక చరిత్రలనే కైఫియత్తులు అంటారు.

తొలి జీవితం

మెకంజీ స్కాట్లాండులోని లూయిస్ ద్వీపంలో, స్టార్నొవే పట్టణంలో జన్మించాడు. అక్కడే కొంతకాలం సుంకాల శాఖలో ఉద్యోగం చేసాడు. ఆ కాలంలో ఫ్రాన్సిస్ నేపియర్ ప్రభువు తన పూర్వీకుడైన జాన్ నేపియర్ జీవిత చరిత్ర రచనకు పూనుకున్నాడు. జాన్ నేపియర్ 1614లో సంవర్గమానాలను ప్రకటించిన గణితవేత్త. ఆ గ్రంథం కోసం హిందువుల గణిత శాస్త్రాన్ని గురించిన వివరాలు సేకరించే పనిలో మెకంజీ తోడ్పడ్డాడు. 1773లో ప్రభువు మరణించడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

1783లో మెకంజీ మద్రాసు చేరాడు. నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ మదురైలో నివసిస్తూ ఉండేది. ఆమె ద్వారా అక్కడి పండితులతో అతనికి పరిచయం కలిగింది. ఒక పూర్వీకుని కథతో మొదలైన ఆసక్తి క్రమంగా ఒక దేశపు చరిత్ర వైపు మళ్ళింది.

సర్వే, కైఫియత్తులు

1799లో శ్రీరంగపట్నం పతనం తరువాత మైసూరు సర్వే బాధ్యత మెకంజీకి అప్పగించబడింది. 1800లో నిజాము కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాలు కూడా ఉన్నాయి. దత్తమండలాల సర్వే కూడా తరువాత మెకంజీ పర్యవేక్షణలో జరిగింది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత పెనుకొండ విజయనగర రాజులకు రాజధాని అయింది. అందువలన ఈ సీమలో పాలెగార్ల కుటుంబాలు, కరణాలు, దేవాలయాల వద్ద పాత పత్రాలు, తామ్ర శాసనాలు నిలిచి ఉండేవి.

మెకంజీకి దేశభాషలు రావు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య 1796లో అతని వద్ద చేరి ఈ పనికి మార్గం చూపాడు. 1803లో బొర్రయ్య మరణించగా తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించాడు. వీరి సహాయకులు ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలను, పాలెగార్ల వంశావళులను నకలు చేసారు, పెద్దలు చెప్పినవి రాసుకున్నారు.

విశ్వసనీయత

ఇనాములు, పాలెములు నిలుపుకోవడానికి వంశ చరిత్ర ఆధారంగా ఉండేది. కాబట్టి కొన్ని కుటుంబాలు తమ పూర్వీకులను గొప్పచేసి చెప్పుకున్నాయి. పురాణ గాథలు, పొంతన లేని తేదీలు కూడా కైఫియత్తులలో కనిపిస్తాయి. అందువలన చరిత్రకారులు వీటిని శాసనాలతో సరిచూసి గ్రహిస్తారు. అయినప్పటికీ, మూల పత్రాలు నశించిన ఎన్నో గ్రామాలకు, కుటుంబాలకు ఈ నకళ్ళే మిగిలిన ఆధారం.

చివరి దశ

1815లో మెకంజీ భారతదేశ సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. తన సేకరణ ఆధారంగా చరిత్ర రాయాలన్న కోరిక తీరకుండానే 1821లో కలకత్తా సమీపంలో మరణించాడు. భార్య నుండి కంపెనీ ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో దాని సూచీని ప్రచురించాడు. తెలుగు కైఫియత్తులు శిథిలమవుతుండగా సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించాడు. అనంతపురం హండే పాలెగార్ల చరిత్రను ఆంగ్లంలోకి అనువదించి 1853లో ప్రచురించాడు. సేకరణలో కొంతభాగం చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోను, కొంతభాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోను భద్రపరచబడింది.