థామస్ వాక్లే

జమ్మికుంటలోగాని, మన రాష్ట్రంలో మరే ఊరిలోగాని ఎవరైనా అనుమానాస్పదంగా మరణిస్తే పోలీసులు పంచనామా జరిపి, శవాన్ని పరీక్షకై ప్రభుత్వ వైద్యశాలకు పంపుతారు. మరణకారణాన్ని వైద్యుడు తేల్చాలన్నది నేడు అందరూ అంగీకరించిన విషయం. రెండు శతాబ్దాల క్రితం ఇంగ్లండులో పరిస్థితి ఇలా లేదు. దానిని మార్చడానికి పాటుపడినవారిలో అగ్రగణ్యుడు థామస్ వాక్లే.

వాక్లే 1795 జూలై 11న డెవన్ ప్రాంతంలోని ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. లండనులో శస్త్రవైద్యం అభ్యసించి 1817లో పట్టా పొందాడు. 1823లో 'లాన్సెట్' అనే వైద్యపత్రికను స్థాపించి, ఆసుపత్రులలోని బంధుప్రీతిని, అసమర్థతను నిర్భయంగా బయటపెట్టాడు.

ఇంగ్లండులో అసహజ మరణాలపై విచారణ జరిపే అధికారిని కరోనర్ అంటారు. సొంత భూమి గల ఓటర్లు ఎన్నుకునే ఆ పదవికి అప్పట్లో వైద్యజ్ఞానం అవసరమని ఎవరూ భావించలేదు. వైద్యం తెలియనివాడు మరణకారణాన్ని ఎలా గుర్తించగలడన్నది వాక్లే ప్రశ్న. 1830లో ఆ పదవికి పోటీచేసి ఓడిపోయినా అతడు నిరుత్సాహపడలేదు. 1835లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. కరోనర్ విచారణలో సాక్ష్యమిచ్చే వైద్యులకు రుసుము చెల్లించాలనే చట్టం 1836లో అతని కృషి వల్లనే వచ్చింది. 1839లో పశ్చిమ మిడిల్‌సెక్స్ కరోనరుగా ఎన్నికయ్యాడు. విచారణలు మితిమీరుతున్నాయని స్థానిక మేజిస్ట్రేట్లు ఆక్షేపించినా అతడు వెనుదీయలేదు.

1846లో హౌన్‌స్లో సైనిక శిబిరంలో ఫ్రెడరిక్ జాన్ వైట్ అనే సిపాయికి 150 కొరడా దెబ్బల శిక్ష విధించారు. నెల తిరగకముందే అతడు మరణించాడు. ఆ మరణానికి, దెబ్బలకు సంబంధం లేదని సైనిక వైద్యులు తేల్చారు. చర్చి గురువు ద్వారా విషయం తెలుసుకున్న వాక్లే విచారణ చేపట్టి, సైన్యంతో సంబంధం లేని వైద్యునిచేత శవాన్ని మళ్ళీ పరీక్ష చేయించాడు. కొరడా దెబ్బలే మరణానికి కారణమని జ్యూరీ నిర్ణయించింది. ఆ ఏడాదే దెబ్బల సంఖ్యను 50కి పరిమితం చేశారు. 1881లో సైన్యంలో ఆ శిక్షే రద్దయింది.

వాక్లే 1862లో మదీరా దీవిలో కన్నుమూశాడు. అతని స్థానంలో ఎన్నికైన ఎడ్విన్ లాంకెస్టర్ కూడా వైద్యుడే.

కాలక్రమంలో ఇంగ్లండు మరో మార్గం చేపట్టింది. 2013 నుండి కొత్తగా నియమితులయ్యే కరోనర్లకు న్యాయశాస్త్ర అర్హత తప్పనిసరి అయింది. కరోనర్ విచారణకు వెళ్ళని మరణాలన్నింటినీ మెడికల్ ఎగ్జామినర్లనే వైద్యులు పరిశీలించాలనే నియమం 2024 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. పద్ధతి మారినా వాక్లే ఆశయం నిలిచే ఉంది. మరణించినవాడు తన గోడు తాను చెప్పుకోలేడు. అతని పక్షాన నిజం చెప్పవలసిన వైద్యునికి తగిన జ్ఞానం ఉండాలి. అధికారానికి లొంగని ధైర్యమూ ఉండాలి.